నడుమెత్తు గోడ

ఫిగర్ స్కేటింగ్ రింకు చుట్టూ ఒక గోడ ఉంటుంది. నడుము ఎత్తు, మహా అయితే ఇంకో జానెడు. తెల్లటి పలకలు బిగించి, వాటి మీద స్పాన్సర్ల పేర్లు రాసి ఉంటాయి. అటు మంచు, ఇటు జనం. ముందు వరసలో కూర్చుంటే బ్లేడు మంచుని కోసే చప్పుడు వినిపిస్తుంది, ఆడే మనిషి రొప్పడం కూడా వినిపిస్తుంది. హెల్మెట్టూ ముసుగూ ఉండవు కాబట్టి ముఖం మొత్తం కనిపిస్తుంది. ఆట అయ్యాక ఆ మనిషి పక్కనే ఉన్న బెంచీ మీద కూర్చుని మార్కుల కోసం ఎదురుచూస్తుంటే కెమెరా ఆ ముఖం మీదే నిలబడుతుంది. ఆ బెంచీకి ‘కిస్ అండ్ క్రై’ అని పేరు. 1983లో హెల్సింకిలో ప్రపంచ పోటీలు జరిగినప్పుడు యానె ఎర్కో అనే ఫిన్లాండ్ నిర్వాహకురాలు పెట్టిన పేరది. సరదాగా పెట్టినా సరిగ్గా అతికింది. గెలిచినవాళ్ళు ముద్దులు పెట్టుకుంటారు, ఓడినవాళ్ళు ఏడుస్తారు, రెండూ మనం ఇంట్లో కూర్చుని చూస్తాం. ఇంత దగ్గర్నుంచి చూశాక ఆ మనిషి మనకి తెలుసు అనిపించడంలో వింతేముంది?

2018 ఫిబ్రవరి 17న దక్షిణ కొరియాలోని గాంగ్నుంగ్‌లో, ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్ మగవాళ్ళ పోటీ చివరిరోజున, యుజురు హన్యూ ఆట ముగించిన మరుక్షణం ఆ గోడ మీదుగా బొమ్మలు వచ్చి పడ్డాయి. అన్నీ పసుప్పచ్చటి ఎలుగుబొమ్మలే, విన్నీ ద పూ. వందలకొద్దీ. చిన్నా పెద్దా అన్ని సైజులవీ గాల్లో పల్టీలు కొడుతూ వచ్చి మంచు మీద దొర్లాయి. వాటిని ఏరడానికి చిన్న చిన్న ఆడపిల్లలు స్కేట్లు కట్టుకుని సంచులతో పరుగులు పెట్టారు. ఆ పిల్లలూ స్కేటర్లే, ఈ పని దొరకడం వాళ్ళకి పెద్ద గౌరవం. హన్యూ ఆరోజు 317.85 మార్కులతో వరసగా రెండో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. మగవాళ్ళ సింగిల్స్‌లో అంతకుముందు చివరిసారి అలా గెలిచినవాడు 1948, 1952ల్లో డిక్ బటన్. మూడు నెలల క్రితమే, నవంబర్లో, ప్రాక్టీసులో పడి కుడి చీలమండ దెబ్బతిని, ఆ తర్వాత ఒక్క పోటీ కూడా ఆడకుండా నేరుగా ఒలింపిక్స్‌కి వచ్చాడు. బొమ్మలు విసిరినవాళ్ళకి ఇదంతా రోజులవారీగా తెలుసు.

ఎలుగుబొమ్మ ఎందుకంటే, కుర్రతనంలో హన్యూ రింకు గోడ మీద పెట్టుకునే టిష్యూ డబ్బాకి పూ బొమ్మ తొడుగు ఉండేది. ఆట మొదలయ్యే ముందు ఆ బొమ్మని ఒకసారి తట్టేవాడు. అది కెమెరాలో పడింది, జనం పట్టుకున్నారు. అంతకుముందు పువ్వులు విసిరేవాళ్ళు. కాకపోతే పువ్వులతో చిక్కుంది. ఒక్క రేకు మంచు మీద మిగిలిపోయినా తర్వాత వచ్చే స్కేటర్ బ్లేడు కింద పడితే కాలు విరగొచ్చు. అందుకని పువ్వుల్ని ప్లాస్టిక్ కాగితంలో గట్టిగా చుట్టాలని నిర్వాహకులు నియమం పెట్టారు. దూదిబొమ్మకి ఆ గొడవ లేదు. అలా కుప్పలుగా వచ్చిన బొమ్మల్ని హన్యూ పోటీ జరిగిన ఊళ్ళోని పిల్లల సంస్థలకి ఇచ్చేస్తుండేవాడు.

ఇది చదివి నవ్వే హక్కు మన తెలుగువాళ్ళకి లేదనుకుంటాను. తిరుపతి కొండెక్కి వెంకటేశ్వరస్వామిని చూసుకుని, అదే బస్సులో మద్రాసు వెళ్ళి పొద్దున్నే ఎన్టీఆర్ ఇంటి ముందు నిలబడి ఆయన్నీ చూసుకుని గాని ఊరికి తిరిగిరాని జనం మనవాళ్ళు. అభిమానం అంటే ఏమిటో మనకి ఒకళ్ళు చెప్పక్కర్లేదు. నాకు ఆసక్తి కలిగించింది వేరే సంగతి. ఆ గోడకి ఇవతల ఉన్నవాళ్ళు ఇవతలే ఎలా ఉండిపోగలిగారు, ఉండలేనివాళ్ళు ఏం చేశారు అన్నది. దానికి కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఈ ఆటకి మొదటి తార జాక్సన్ హేన్స్. న్యూయార్క్‌లో పుట్టిన బాలే మనిషి. ఇంగ్లండ్, అమెరికాల్లో స్కేటింగంటే మంచు మీద కొలత ప్రకారం గీతలు గియ్యడం అనుకునే రోజుల్లో సంగీతానికి నాట్యం చేసి చూపించాడు. సొంతదేశం పెద్దగా పట్టించుకోలేదు. 1860ల్లో యూరప్ వెళ్ళాక, వాల్ట్‌జ్ పిచ్చిలో ఉన్న వియన్నా అతన్ని నెత్తిన పెట్టుకుంది. 1875లో ఫిన్లాండ్‌లో చనిపోయాడు, సమాధి అక్కడే, ఇప్పుడు కొక్కొలా అనే ఊళ్ళో ఉంది. దాని మీద ‘అమెరికన్ స్కేటింగ్ రాజు’ అని చెక్కి ఉంటుంది. అమెరికా ఇవ్వని బిరుదుని ఫిన్లాండ్ వాళ్ళు ఇచ్చారు.

కానీ జనం వెంటపడటం, పోలీసులు అడ్డు నిలబడటం లాంటివి చూడాలంటే సోన్యా హేనీ దగ్గరికి రావాలి. 1912లో ఓస్లోలో పుట్టింది. 1924లో షామొనీలో జరిగిన మొదటి శీతాకాల ఒలింపిక్స్‌లో ఆడేనాటికి పదకొండేళ్ళు. ఎనిమిది మందిలో ఆఖరిది. 1927 నుంచి 1936 దాకా వరసగా పది ప్రపంచ టైటిళ్ళు, మధ్యలో మూడు ఒలింపిక్ స్వర్ణాలు. ఆడవాళ్ళ స్కేటింగ్‌లో ఇప్పటికీ ఇంకెవరూ అక్కడిదాకా రాలేదు. పొట్టి స్కర్టూ తెల్ల బూట్లూ వేసుకుని ఆడేది. స్కేటింగ్ బూటు అనగానే ఇవాళ ఆడపిల్లలకి తెల్లబూటే గుర్తొస్తుందంటే అది ఈమె చలవే. ప్రాగ్‌లో, న్యూయార్క్‌లో ఆమె వస్తోందంటే జనాన్ని అదుపు చెయ్యడానికి పోలీసుల్ని పిలవాల్సొచ్చేది. టీవీ లేని కాలం అది. అంతమంది ఆమెని పేపర్లోనూ న్యూస్‌రీల్‌లోనూ చూసి వచ్చినవాళ్ళే.

1936లో పోటీలు మానేసి హాలీవుడ్ వెళ్ళింది. అక్కడ తనే ఒక రింకు అద్దెకి తీసుకుని, షో పెట్టి, స్టూడియోల పెద్దల్ని రప్పించుకుంది. ఆ యేడాదే ‘వన్ ఇన్ ఎ మిలియన్’ వచ్చింది. ఆ తర్వాత సినిమాలు, ఊరూరా తిరిగే ఐస్ రెవ్యూలు, ఆమె రూపుతో మేడమ్ అలెగ్జాండర్ కంపెనీ బొమ్మలు. అంటే అభిమాని ఇక స్టేషన్ దగ్గర కాపు కాయక్కర్లేదు. తార టిక్కెట్టు పెట్టుకుని తనే అభిమాని ఊరికి వస్తుంది, బొమ్మై ఇంటికి కూడా వస్తుంది. ఆ గోడ మీద డబ్బు వసూలు చేసే కిటికీ తెరిచింది మొదట హేనీయే అని నా లెక్క. దాన్ని నేను తప్పుపట్టను. అప్పటిదాకా అమెచ్యూర్ పేరుతో ఆటగాళ్ళ చేతిలో ఏమీ పెట్టకుండా సంఘాలే లాభపడ్డాయి కదా.

అయితే ఈ కథలో నాకు ముఖ్యమైనది నార్వే. 1936లో బెర్లిన్‌లో ప్రదర్శన ఇచ్చినప్పుడు హేనీ హిట్లర్‌కి నాజీ వందనం చేసింది. ఆ యేడు ఒలింపిక్స్ తర్వాత అతని ఆహ్వానం మీద భోజనానికి వెళ్ళింది, అతను సంతకం పెట్టిన ఫొటో తీసుకుంది. నార్వే పత్రికలు అప్పుడే ఆమెని ఏకిపారేశాయి. 1940లో జర్మన్లు నార్వేని ఆక్రమించుకున్నాక ఆ ఫొటో ఆమె ఇంటిని కాపాడిందని చెప్పుకున్నారు. ప్రవాసంలో పోరాడుతున్న నార్వే వాళ్ళని బాహాటంగా ఆదుకోలేదన్న కోపం వేరే. తమ ఊరి పిల్ల అని నెత్తిన పెట్టుకున్న జనమే ముఖం తిప్పుకున్నారు. 1953లో ఆమె ఓస్లోకి షోతో తిరిగొచ్చింది. జనం కిటకిటలాడారు. వచ్చినవాళ్ళలో క్షమించినవాళ్ళెందరో, ఎలా ఉందో చూసిపోదామని వచ్చినవాళ్ళెందరో ఎలా తేలుస్తాం? టిక్కెట్టు మీద ఆ వివరం ఉండదు. 1969లో లుకేమియాతో, పారిస్ నుంచి ఓస్లో వస్తున్న విమానంలోనే ప్రాణం పోయింది. అప్పటికి యాభై ఏడేళ్ళు.

జపాన్‌లో ఈ పిచ్చి ఎప్పుడు మొదలైందంటే అక్కడివాళ్ళు 1972 సప్పోరో ఒలింపిక్స్ అంటారు. మొదలుపెట్టింది విజేత కూడా కాదు. జానెట్ లిన్ అనే అమెరికన్ అమ్మాయి, పద్దెనిమిదేళ్ళది, ఆడుతూ ఆడుతూ కింద కూలబడింది. లేచి నవ్వింది. ఆ నవ్వు జపాన్ మొత్తం టీవీలో చూసింది. ఆమెకి వచ్చింది కంచు పతకం, కానీ ఆ దేశంలో బంగారం గెలిచినామె పేరు కన్నా ఈమె పేరే నిలిచిపోయింది. ఒలింపిక్ గ్రామంలో తను ఉన్న గది గోడ మీద శాంతి, ప్రేమ అని రాసి వెళ్ళింది. ఆ రాత కూడా ఒక కథగా మిగిలింది. పడిపోయి నవ్వినామెని ప్రేమించడంతో మొదలైన అభిమానం కావడం వల్లేనేమో, జపాన్ ప్రేక్షకులు ఈరోజుకీ కింద పడిన స్కేటర్‌కి ఏ దేశం వాళ్ళైనా సరే చప్పట్లు ఆపరు.

తార వెంట తిరిగే అభిమానులకి జపనీస్‌లో ‘ఒక్కకే’ అని ఒక మాటుంది. తరమడం అనే క్రియలోంచి వచ్చింది. నాటకం అయ్యాక బయటికొచ్చే దారిలో ఎదురుచూడటానికి ‘దెమాచి’ అని మరో మాట. వీటికి మర్యాదలు నేర్పింది తకరజుక అనే ఆడవాళ్ళ నాటక సంస్థ అభిమానులు. 1914 నుంచి ప్రదర్శనలిస్తున్న సంస్థ అది. మగ పాత్రలు కూడా ఆడవాళ్ళే వేస్తారు, అభిమానుల్లో ఎక్కువమంది ఆడవాళ్ళే. నటి లోపలికెళ్ళేటప్పుడు, బయటికొచ్చేటప్పుడు ఆమె అభిమాన సంఘం వాళ్ళు ఒకే రకం బట్టల్లో వరసగా నిలబడతారు. ఆమె దగ్గరకి రాగానే అందరూ ఒకేసారి కూర్చుంటారు, వెనకవాళ్ళకి కూడా కనబడాలని. ఉత్తరం అందిస్తారు. చెయ్యి పట్టుకోరు, ఇంటిదాకా వెళ్ళరు. హద్దు దాటినవాళ్ళని సంఘమే చూసుకుంటుంది. మన అభిమాన సంఘాలకి ఫ్లెక్సీలు కట్టడం, పాలాభిషేకం చెయ్యడం తెలుసు గాని, తార వచ్చినప్పుడు కూర్చోవడం ఎవరూ నేర్పలేదు.

ఆ నేర్పు లేనిచోట ఏమవుతుందో కతరీనా విట్ బతుకులో కనిపిస్తుంది. తూర్పు జర్మనీ అమ్మాయి. 1984లో సరయెవోలో, 1988లో కాల్గరీలో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచింది. సరయెవో తర్వాత ప్రేమలేఖలే 35,000 వచ్చాయని చెబుతారు. ఆమెని ఇంకో రకం వాళ్ళు కూడా వెంబడించారు. స్టాసీ, అంటే తూర్పు జర్మనీ రహస్య పోలీసులు, ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పట్నుంచే ఆమె మీద ఫైలు నడిపారు. గోడ కూలాక ఆ ఫైళ్ళు తెరిస్తే వేల పేజీలు. ఎక్కడికి వెళ్ళింది, ఎవరిని కలిసింది, ఎంతసేపు ఉంది, అన్నీ. సమాచారం ఇచ్చినవాళ్ళలో తనకి దగ్గరివాళ్ళు కూడా ఉన్నారు. కార్లూ ఇళ్ళూ ఇచ్చి దువ్వింది కూడా ఆ ప్రభుత్వమే, పారిపోకుండా.

స్టాసీ పోయి అమెరికాలో షోలు చేసుకుంటున్న రోజుల్లో ఒక మగవాడు ఆమెకి అసహ్యమైన ఉత్తరాలు, బెదిరింపులు పంపుతూ వెంటపడ్డాడు. కోర్టు 1992లో అతనికి శిక్ష వేసింది. అతను తనని తాను ప్రేమికుడిననుకున్నాడు. స్టాసీ వాళ్ళు దేశాన్ని కాపాడుతున్నాం అనుకున్నారు. ఉత్తరాలు రాసిన మిగతా వేలమందికీ ఈ ఇద్దరికీ తేడా ఏమిటంటే, మిగతావాళ్ళు జవాబు రాకపోయినా తమ ఇళ్ళల్లోనే ఉన్నారు.

ఇక హన్యూ. 1994లో సెందాయ్‌లో పుట్టాడు. ఉబ్బసం ఉన్న పిల్లాడు. అక్క వెనకాల నాలుగేళ్ళకే రింకుకి వెళ్ళాడు. ఆ రింకు డబ్బుల్లేక 2004లో మూతపడింది. 2006 ట్యూరిన్ ఒలింపిక్స్‌లో అదే ఊరి షిజుక అరకవా స్వర్ణం గెలిచి, రింకు కోసం గొంతెత్తాక 2007లో మళ్ళీ తెరుచుకుంది. 2011 మార్చి 11 మధ్యాహ్నం భూకంపం వచ్చినప్పుడు హన్యూ ఆ రింకు మీదే ఉన్నాడు. పదహారేళ్ళు. కాళ్ళకి స్కేట్లతోనే బయటికి పరిగెత్తాడు. ఇల్లు దెబ్బతింది, ఇంట్లోవాళ్ళతో కలిసి శిబిరంలో నాలుగు రోజులున్నాడు. రింకు నెలల తరబడి మూతపడింది. ప్రాక్టీసుకి చోటు లేక ఊరూరా జరిగిన ఐస్ షోల్లో, దాదాపు అరవై షోల్లో ఆడుతూ వాటినే ప్రాక్టీసు చేసుకున్నాడు. జపాన్ జనం అతన్ని దగ్గర్నుంచి చూసింది అప్పుడే. చాంపియన్ కాకముందే, ఇల్లు పోయిన ఊళ్ళోంచి వచ్చిన కుర్రాడిగా చూశారు. ఊరిని ఆ స్థితిలో వదిలి తను ఆడుకుంటున్నానన్న బాధ అతనికి చాలాకాలం ఉంది. చాలాసార్లు చెప్పుకున్నాడు.

2012లో టొరంటో వచ్చాడు, బ్రయన్ ఓర్సర్ దగ్గర శిక్షణకి. 2014లో సోచీ స్వర్ణం. మగవాళ్ళ సింగిల్స్‌లో ఆసియాకి అదే మొదటిది. 2015లో నగానోలో 322.40, రెండు వారాలకే బార్సెలోనాలో 330.43. అప్పటిదాకా 300 దాటినవాళ్ళే లేరు. ఆ యేటి ప్రోగ్రాం పేరు ‘సేమేయ్’, వెయ్యేళ్ళ కిందటి మంత్రవేత్త అబే నో సేమేయ్ మీద కట్టింది. దాంతో క్యోటోలో ఆయన గుడికి జనం కట్టడం మొదలైంది. కోబేలో యుజురుహ అని మరో గుడి ఉంది, పేరు కలిసిందని అక్కడికీ వెళ్తారు. చెక్కపలకల మీద మొక్కులు రాసి కడతారు. తమ కోసం కాదు, అతని చీలమండ కోసం, అతని జంపుల కోసం. మనిషిని కలవడం కుదరనప్పుడు అతని పేరున్న చోటుకి వెళ్ళి రావడం. యాత్ర అనే మాట దీనికి తప్ప దేనికి వాడతాం?

టొరంటోలో అతను ప్రాక్టీసు చేసింది ప్రైవేటు క్లబ్బులో. బయటివాళ్ళకి ప్రవేశం లేదు. కానీ యేటా ఆటమ్ క్లాసిక్ అని ఒక చిన్న పోటీ జరిగేది, సీజను మొదట్లో ఒళ్ళు వార్చుకోవడానికి ఆడేలాంటిది. 2017లో అది మాంట్రియల్ శివార్లలో ఒక రింకులో జరిగింది. హన్యూ అక్కడ షార్ట్ ప్రోగ్రాంలో 112.72 కొట్టాడు. ప్రపంచ రికార్డు! అది చూసింది సముద్రాలు దాటి వచ్చిన కొన్ని వందలమంది ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య బిక్కుబిక్కుమంటూ కూర్చున్న ఆ ఊరివాళ్ళు కొందరు.

2019లో ఆ పోటీ ఓక్‌విల్‌లో జరిగింది. నేనుండేది పక్కనే, మిసిసాగాలో. మా అమ్మాయి అప్పుడు స్కేటింగ్ నేర్చుకుంటోంది, పట్టుబట్టి తీసుకెళ్ళింది. శనాదివారాల్లో పిల్లలు హాకీ ఆడుకునే కాంప్లెక్స్ అది. పార్కింగ్ దాటగానే వరస కనిపించింది. చాలావరకు నలభై, యాభై, అరవై దాటిన ఆడవాళ్ళు. ఎండ టోపీలు, మడత కుర్చీలు, పక్కన చక్రాల పెట్టెలు. నెట్టుకోవడం లేదు, గొంతు పెంచినవాళ్ళు లేరు. వరసలోంచి ఒకరు బాత్రూముకి వెళ్తే పక్కావిడ ఆ పెట్టెకి కాపలా. మా వెనకావిడ ఒసాకా నుంచి వచ్చారు, రిటైరైన టీచరు. మా అమ్మాయికి రెండు చాక్లెట్లు ఇచ్చి, కూడబలుక్కున్న ఇంగ్లీషులో “నువ్వు కూడా స్కేట్ చేస్తావా?” అని అడిగారు. భర్త పోయాక టీవీలో ఇతన్ని చూశారట. ఇది పదకొండో ప్రయాణం అన్నారు.

“ఎప్పుడైనా కలిశారా?” అని అడిగాను.

ఆవిడ నా ప్రశ్న అర్థం కానట్టు చూశారు. “కలిసి ఏం మాట్లాడతాను?” అన్నారు. “అతనికి పని ఉంటుంది కదా.”

లోపల అతను ఆడాక నాలుగు వైపులకీ తిరిగి నడుము వంచి దణ్ణం పెట్టాడు. ముందు వరసలవాళ్ళు కూర్చునే జెండాలు ఊపారు, వెనకవాళ్ళకి అడ్డం రాకుండా. నాకు తకరజుక గుర్తొచ్చింది. అయ్యాక మా అమ్మాయి వెనక గుమ్మం దగ్గరికెళ్దాం, ఆటోగ్రాఫ్ అడుగుదాం అంది. అక్కడ అప్పటికే ఓ పాతికమంది, చేతుల్లో ఫోన్లతో కుర్రవాళ్ళు ఎక్కువ. ఒసాకా టీచరమ్మ మాత్రం మాకు టాటా చెప్పి బస్సు స్టాపు వైపు వెళ్ళిపోయారు. మేమూ పది నిమిషాలు నిలబడి ఇంటికొచ్చేశాం.

ఈ వయసు ఆడవాళ్ళు ఇలా తిరుగుతారంటే జపాన్‌లోనూ నవ్వేవాళ్ళున్నారు. క్రికెట్ కోసం ఉద్యోగానికి సెలవుపెట్టి ఆస్ట్రేలియా వెళ్ళొచ్చిన మగవాణ్ణి చూసి ఎవరూ నవ్వరు. అతనికి అది ‘ప్యాషన్’. పిల్లల్ని పెంచి, అత్తమామల్ని సాగనంపి, ఇన్నాళ్ళకి సొంత డబ్బుతో సొంతంగా విమానమెక్కిన మనిషికి అది పిచ్చి. వేలకొద్దీ బొమ్మల్ని విసిరింది, 2018 ఏప్రిల్ 22న సెందాయ్‌లో విజయయాత్ర జరిగితే 1,08,000 మంది వచ్చినవాళ్ళలో పెద్ద భాగం, ఈ పిచ్చివాళ్ళే. అంతమంది వెళ్ళిపోయాక వీధుల్లో చెత్త దాదాపు లేదని అక్కడి వార్తలు. హన్యూ తన ఆత్మకథ మీద వచ్చిన డబ్బు సెందాయ్ రింకుకి ఇచ్చాడు. అభిమాని పుస్తకం కొంటే అది ఆ ఊరి పిల్లల మంచు అయింది.

2022 బీజింగ్ ఒలింపిక్స్ నాటికి కోవిడ్. టిక్కెట్లు అమ్మలేదు, ఆహ్వానితులకే ప్రవేశం, ఏదీ విసరకూడదు. షార్ట్ ప్రోగ్రాంలో మంచులో ఉన్న చిన్న గుంటలో బ్లేడు పడి మొదటి జంపు పోయింది. ఫ్రీలో అప్పటిదాకా పోటీలో ఎవరూ చెయ్యని క్వాడ్ యాక్సెల్, గాల్లో నాలుగున్నర చుట్లు, ప్రయత్నించి పడ్డాడు. నాలుగో స్థానం. బొమ్మలు లేని ఆ ఖాళీ మంచు చూస్తే నాకు ఏదోలా అనిపించింది. ఊళ్ళోకి రానివ్వకపోయినా చైనా అభిమానుల ఉత్తరాలు వేలకొద్దీ ఒలింపిక్ గ్రామానికి చేరాయి.

అదే యేడు జులైలో పోటీలు మానేసి ప్రొఫెషనల్ అయ్యాడు. 2023 ఫిబ్రవరిలో టోక్యో డోమ్‌లో 35,000 మంది ముందు ఒక్కడే షో చేశాడు. బేస్‌బాల్ మైదానంలో మంచు పరిచారు. ఆగస్టు 4న పెళ్ళి చేసుకున్నానని ప్రకటించాడు, భార్య పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. పేరు లేకపోవడమే వేటగాళ్ళకి వాసన అయింది. పత్రికలు వెతికాయి, పేరు బయటపడింది. నవంబర్ 17 రాత్రి విడాకుల ప్రకటన వచ్చింది. పెళ్ళి ప్రకటనకీ దానికీ మధ్య 105 రోజులు. ఆమె ఇంట్లోంచి ఒక్క అడుగు బయటపెట్టలేకపోతోందని, ఇంటిచుట్టూ అనుమానాస్పదమైన మనుషులు, వాహనాలు తిరుగుతున్నాయని, రెండు కుటుంబాల మీదా వాళ్ళకి సంబంధించినవాళ్ళ మీదా దూషణలు, అడక్కుండా రాతలు సాగుతున్నాయని రాశాడు. ఇంతకాలం తనకోసం బయటికి రాలేకపోయిన ఆమె ఇకమీదట అడ్డూ ఆపూ లేకుండా సుఖంగా ఉండాలని ఈ నిర్ణయం తీసుకున్నామన్నాడు.

ఆ కార్లలో ఉన్నవాళ్ళు ఎవరు? కెమెరాలవాళ్ళా, అభిమానులా? పత్రికలదే తప్పని అభిమానులు అన్నారు, అభిమానుల అసూయేనని పత్రికలు రాశాయి. ఈ వాదనలో నేను ఎవరి పక్షమూ పూర్తిగా తీసుకోలేను. ఆ వార్త కొనేవాళ్ళు ఉన్నారనే కదా పత్రిక కారు పంపిస్తుంది. కొనేది అతనంటే ఆసక్తి లేనివాళ్ళు కాదు. అలాగని ఒసాకా టీచరమ్మని, రాత్రిపూట కారు ఆపి పరదాల కదలిక చూసేవాణ్ణి ఒకే మాటతో పిలవడానికి నా నోరు రాదు. ఇద్దర్నీ ‘ఫ్యాన్స్’ అనే రాస్తారు. జపాన్‌వాళ్ళకైనా మాటలు రకరకాలుగా ఉన్నాయి, మనకి అన్నిటికీ అభిమానమే. పన్నెండేళ్ళు అతని చీలమండ కోసం మొక్కుకున్నవాళ్ళకి, అతని ఇంట్లో ఇంకో మనిషి ఉంటే ఆమె గురించి ఏమీ తెలుసుకోకుండా ఉండటం అసలు పరీక్ష. వేలమంది పాసయ్యారు. ఫెయిలైన కొద్దిమందే చాలు, ఒక ఆడమనిషి గుమ్మం దాటలేకపోవడానికి.

అతను ఆడటం మానలేదు. 2023 నుంచి మార్చి నెలలో, భూకంపం వచ్చిన తేదీకి అటూ ఇటూగా, సెందాయ్ పక్కన రిఫూ అనే ఊళ్ళో ‘నొత్తె స్తెల్లాత’ పేరుతో షో చేస్తున్నాడు. ఇటాలియన్‌లో నక్షత్రాల రాత్రి అని. భూకంపం రోజు ఊరంతా కరెంటు పోయింది, ఆ చీకట్లో ఎన్నడూ చూడనన్ని నక్షత్రాలు కనిపించాయట అతనికి. షో జరిగే అరీనాని 2011లో శవాలు ఉంచడానికి వాడారు. సునామీలో పోయిన తమవాళ్ళని వెతుక్కుంటూ జనం అప్పుడు అక్కడికే వచ్చారు. అదే నేల మీద ఇప్పుడు మంచు పరుస్తారు. జపాన్ ఐస్ షోల్లో గుమ్మం దగ్గర ఒక పెట్టె పెట్టే అలవాటుంది, ఆటగాళ్ళకి రాసిన ఉత్తరాలు అందులో వెయ్యొచ్చు. ఊరూరి నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఉత్తరం అందులో వేసి, లోపలికెళ్ళి తమ సీట్లలో కూర్చుంటారు.